నడిమధ్యలో పెట్టినా బోసిగానే ఉంది

పోయిన ధనుర్మాసంలో అమ్మ నెల్లూరు నుంచి వచ్చి నా దగ్గర నెల రోజులు ఉంది. మేం ఉండేది చెన్నైలో, నంగనల్లూరులో, పాత అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. తలుపు తీస్తే చిన్న వరండా లాంటి జాగా, ఒక పక్క మెట్లు, ఇంకో పక్క మా చెప్పుల స్టాండు, అటు చివర ఎదురింటి పాటి (తమిళంలో అవ్వని అలా అంటారు) వాళ్ళ తులసి కుండీ, అంతే. మొదటి రోజు తెల్లారుజామున అమ్మ నీళ్ళు చల్లేసి ముగ్గు ఎక్కడ పెట్టాలా అని నిలబడి చూస్తోంది. నేను ఆఫీసులో రోజంతా చేసేది అదే పని కదా, ఫోన్ స్క్రీన్ మీద ఏది ఎక్కడ కూర్చోవాలి అని, అందుకని టేపు తెచ్చి గడప ఈ చివర నుంచి ఆ చివరికి కొలిచి సరిగ్గా సగం దగ్గర చాక్‌పీస్‌తో గీత పెట్టా. అమ్మ ఆ గీత చూసింది, ఏం మాట్లాడలేదు, నాలుగు మెట్లు దిగి అక్కణ్ణుంచి ఒకసారి చూసింది, మళ్ళీ ఎక్కి వచ్చి నా గీతకి జానెడు పక్కన మొదటి చుక్క పెట్టింది.

"అదేంది, మధ్యలో పెట్టవా?" అన్నా.

"నువ్వు గీసిన చోట పెడితే ఈ పక్కంతా బోసిగా ఉంటది మే" అంది తల ఎత్తకుండానే.

నాకు నచ్చలేదు. కొలిచి పెట్టిన గీత కదా. ముగ్గు అయిపోయాక పాల ప్యాకెట్ కోసం కిందికి వెళ్ళి తిరిగి మెట్లెక్కి వస్తుంటే అప్పుడు కనపడింది, ముగ్గు తలుపుకి పక్కగా ఉన్నట్టే లేదు, ఆ జాగా మొత్తానికి సరిగ్గా ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది. నేను కొలిచింది తలుపుని, అమ్మ కొలిచింది మొత్తం జాగాని. చెప్పుల స్టాండు ఒక పక్కన నల్లగా బరువుగా కూర్చుని ఉంది, కుండీ ఎక్కడో దూరంగా ఉంది, మనుషులు వచ్చేది మెట్ల వైపు నుంచి, ఇవన్నీ లెక్కలోకి తీసుకుంటే అక్కడ మధ్య అనేది గడప మధ్యలో లేదు, జానెడు పక్కకి జరిగి ఉంది.

ఆ నెలంతా అమ్మ నోటి నుంచి రెండు మాటలు మళ్ళీ మళ్ళీ విన్నా, బోసి, నిండు. చెవులు బోసిగా ఉన్నాయి కమ్మలు పెట్టుకో, ఈ గోడ బోసిగా ఉంది, ఇప్పుడు నిండుగా ఉంది. మనందరం పుట్టినప్పటి నుంచి వింటున్న మాటలే కానీ ఇవి డిజైన్ మాటలని నాకు ఎప్పుడూ తట్టలేదు. నిండుగా అంటే ఎక్కువ ఉండటం కాదు చూడండి, ఖాళీ నుదుటి మీద ఒక్క కుంకుమ బొట్టు పెడితే ముఖం నిండుగా ఉంది అంటారు, అదే ఒంటి నిండా నగలు వేస్తే దిగేసుకున్నట్టుంది అంటారు. అంటే ఖాళీ జాగా ఎంత, నిండిన జాగా ఎంత, ఆ రెండిటి మధ్య తూకం కుదిరిందా లేదా అన్నది ఒక్క మాటలో చెప్పేస్తున్నారు. స్కూల్లో మాకు సౌష్ఠవం అని నేర్పారు, బొమ్మని సగానికి మడిస్తే రెండు సగాలూ కలవాలి, ఆ మడత గీత సౌష్ఠవాక్షం. కానీ నాట్యం నేర్చుకున్న వాళ్ళని అడిగితే సౌష్ఠవం అంటే వేరే చెప్తారు, ఒళ్ళు నిలబెట్టే తీరు, ఛాతీ, భుజాలు, నడుము ఎక్కడ ఎలా ఉండాలి అన్నది, నాట్యశాస్త్రంలో ఉన్న మాటే. అంగసౌష్ఠవం అని మామూలుగా అన్నా తీర్చిదిద్దినట్టున్న ఒళ్ళు అనే కదా అర్థం, మడతపెడితే కలుస్తుందని కాదు. లెక్కల పుస్తకంలోకి వచ్చేసరికి ఆ మాట బాగా చిన్నదైపోయిందనిపిస్తుంది నాకు.

అలాగని సిమ్మెట్రీని తక్కువ చెయ్యట్లేదు, ముగ్గుల్లో అది ఎంత గట్టిగా ఉంటుందో కూర్చుని లెక్క వేస్తే తెలిసింది. అమ్మ దగ్గర పాత నోటు పుస్తకం ఉంది, ప్రతి ముగ్గు పక్కనా "15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు" ఇలా రాసి ఉంటుంది, మన ముగ్గుల పుస్తకాల్లో అన్నిట్లో ఉండే భాషే. అంటే మధ్య వరసలో 15, దాని పైనా కిందా 14, ఆ తర్వాత 13, అలా రెండు వైపులా 8 దాకా, ప్రతి వరసా పై వరస సందుల్లోకి వచ్చేట్టు. మొత్తం 169 చుక్కలు, 15 వరసలు, అయ్యేసరికి ఆరు పలకల ఆకారం వస్తుంది, ఏ పలక లెక్కపెట్టినా 8 చుక్కలే. అదే 15 ఎదురు చుక్క 1 వరకు అయితే, అంటే చుక్క కింద చుక్క సరిగ్గా ఎదురుగా వచ్చేట్టు పెడితే, 15, 13, 11 అలా తగ్గుతూ పైనా కిందా ఒక్క చుక్కతో ఆగుతుంది, మొత్తం 113, నాలుగు మూలల డైమండు. సందు చుక్క మీద ఆరు రేకుల పువ్వు దానంతట అదే వస్తుంది, ఎదురు చుక్క మీద నాలుగో ఎనిమిదో రేకులు. పువ్వు గీయకముందే, ఉత్త చుక్కలు పెట్టేటప్పుడే ఆ ముగ్గు ఎన్ని వైపులకి సమానంగా తిరుగుతుందో తేలిపోయింది! మేం గ్రిడ్ అంటాం దీన్ని, రోజూ వాడతాం, మొదటిసారి ఎక్కడ చూశానో ఎప్పుడూ ఆలోచించలేదు, మా ఇంటి వాకిట్లోనే చూశా.

ఇంకోటి గమనించా. ఒక రేకు కాస్త లావుగా వచ్చేస్తే అమ్మ చెరపదు. ఎదురు రేకుని కూడా అంతే లావు చేసేస్తుంది. చూసేవాళ్ళకి అది ముందే అనుకుని వేసిన ముగ్గు లాగా ఉంటుంది.

ఎదురింటి పాటి వేసేది సిక్కు కోలం, మనం మెలికల ముగ్గు అంటామే అది. ఆవిడ బియ్యప్పిండితోనే వేస్తుంది, చీమలు తినాలి అని. ఆవిడకి తెలుగు రాదు, అమ్మకి తమిళం అంతంత మాత్రం, అయినా ఇద్దరూ వేళ్ళతో చుక్కలు లెక్క చెప్పుకుంటూ అరగంట గడిపేసేవాళ్ళు. ఒక రోజు పాటి వేసిన మెలిక ముగ్గుని ఫోటో తీసి ల్యాప్‌టాప్‌లో సగానికి కోసి తిప్పి చూశా, రెండు సగాలూ కలవలేదు. మళ్ళీ చూశా, కలవలేదు. కానీ పావు చుట్టు తిప్పితే మాత్రం అచ్చం అదే ముగ్గు, సగం చుట్టు తిప్పినా అదే. అద్దంలో చూస్తే మాత్రం మెలికలన్నీ అటువైపు తిరుగుతూ వేరే ముగ్గు అయిపోతుంది. అందుకే కాబోలు మన పువ్వుల ముగ్గు చూస్తే కుదురుగా కూర్చున్నట్టుంటుంది, ఆ మెలికల ముగ్గు చూస్తే తిరుగుతున్నట్టుంటుంది, రెండూ కదలని పిండి గీతలే అయినా. తాంబరంలో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో పనిచేసిన గిఫ్ట్ సిరొమనీ, ఆయనతోపాటు ఇంకొందరు 1970ల్లోనే ఈ ముగ్గులకి వ్యాకరణం రాశారు, నిజంగానే వ్యాకరణం, వాక్యానికి ఉన్నట్టు, ఏ ముక్క పక్కన ఏ ముక్క రావచ్చో సూత్రాలు పెట్టి కంప్యూటర్ సైన్సులోకి తీసుకెళ్ళారు. మా ఇంటికి అరగంట దూరంలో జరిగిన పని ఇది. ఈ సంగతి పాటికి చెప్తే పెద్దగా పట్టించుకోలేదు, పిండి అయిపోతోంది తెచ్చిపెడతావా అంది.

ఒక ఆదివారం అమ్మని ఎగ్మోర్ మ్యూజియంకి తీసుకెళ్ళా. 1851లో మొదలైన మ్యూజియం, కంచు విగ్రహాల గ్యాలరీ కోసమే వెళ్ళాలి అక్కడికి, మిగతావి చూడకపోయినా పర్లేదు. తిరువాలంగాడు నటరాజు ముందు ఇద్దరం చాలాసేపు నిలబడిపోయాం. ఫ్రెంచి శిల్పి రోడాఁ ఈ విగ్రహాన్ని ఫోటోల్లో మాత్రమే చూసి, చూసిన దాని మీద రాసిపెట్టాడు, ఆయన పోయాక 1921లో అది అచ్చయింది. మామూలుగా నటరాజు అంటే చుట్టూ నిప్పుల ప్రభావళి గుండ్రంగా ఉంటుంది కదా, ఈ విగ్రహానికి ఇప్పుడు అది లేదు. ఆ గుండ్రం ఉంటే కన్ను దాన్ని పట్టుకుని ఆగుతుంది, బొమ్మని అదే నిలబెడుతున్నట్టుంటుంది. లేకపోయేసరికి మనిషి ఒక్కడే నిలబడాలి, నిలబడ్డాడు.

ఎలా నిలబడ్డాడో చూస్తే ఒక్కటీ సమానంగా లేదు. ఎడమ కాలు పైకి లేచి ఒంటికి అడ్డంగా కుడి వైపుకి వచ్చేసింది, ముందరి ఎడమ చెయ్యి కూడా ఏనుగు తొండం లాగా అడ్డంగా అటే వచ్చింది. రెండూ ఒకే వైపుకి వస్తే మనిషి పడిపోవాలి. పడడు. వెనకాల ఎడమ చెయ్యి దూరంగా చాపి ఉంది నిప్పు పట్టుకునే చెయ్యి, అటు కుడి వైపు డమరుకం చెయ్యి, కింద కుడి కాలి మోకాలు వంగి ఉంది, ఆ వంపు చాలా ముఖ్యం, కాలు కర్రలాగా నిటారుగా ఉంటే నిలబెట్టినట్టు ఉండేది, వంగింది కాబట్టి తానే నిలుచున్నట్టుంది. తల మాత్రం నిటారు. తల నుంచి ఒక దారం కిందికి వదిలితే ఆ నిలబడ్డ పాదం దగ్గరికే వస్తుంది అనిపిస్తుంది చూస్తుంటే. స్థపతులు, అంటే విగ్రహాలు చేసే శిల్పులు, నిజంగానే అలా దారాలు పట్టి కొలుస్తారు, సూత్రం అంటారు, వాళ్ళ కొలతల్లో సమభంగం అని నిటారుగా రెండు వైపులా సమానంగా నిలబడ్డ బొమ్మకి ఒక పేరు, కొంచెం ఒరిగితే ఆభంగం, మెడా నడుమూ మోకాలూ మూడు చోట్ల వంగితే త్రిభంగం, ఇంకా తిరిగిపోతే అతిభంగం. అంటే సమానంగా ఉండటం అన్నది వాళ్ళకి నాలుగు రకాల నిలబడటాల్లో ఒకటి, మిగతా మూడు దాని తప్పులు కావు.

అమ్మ వేరేది చూసింది. "రెండు చెవులకీ ఒకటే లేదు చూడు" అంది. నటరాజుకి కుడి చెవికి మగవాళ్ళ మకర కుండలం, ఎడమ చెవికి ఆడవాళ్ళ కమ్మ, తమిళంలో తోడు అంటారు. చాలాసార్లు చూశా ఆ విగ్రహాన్ని నేను, చదివా కూడా, కానీ ముందు చెవులు చూడాలని తట్టింది మా అమ్మకి.

మహాబలిపురం కూడా వెళ్ళాం ఇంకో వారం, ఎండ మండిపోతోంది, అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అందుకని ఆ పెద్ద బండ దగ్గరే కూర్చున్నాం, అర్జునుడి తపస్సు అంటారే అది, పల్లవులు ఏడో శతాబ్దంలో చెక్కించింది. బండ మధ్యలో నిలువునా పగులు ఉంది, ఆ పగుల్లోనే నాగులు పైకి పాకుతున్నట్టు చెక్కారు. పగులుకి కుడి పక్క పెద్ద పెద్ద ఏనుగులు. ఎడమ పక్క అంత పెద్దది ఒక్కటీ లేదు, పైన ఒంటి కాలి మీద తపస్సు చేసే ముని, శివుడు, కింద చిన్న గుడి, మునులు, జింకలు, చిన్న చిన్నవి బోలెడు. ఏనుగుకి ఎదురు ఇంకో ఏనుగుని పెడితే పని సులువయ్యేది, వాళ్ళు అలా చెయ్యలేదు. రెండు బస్తాల బియ్యానికి ఎదురు తక్కెడలో వందల కొబ్బరికాయలు పెట్టినట్టు పెట్టారు, ముల్లు నిలబడింది. ఏనుగుల దగ్గర ఒక పిల్లి కూడా ముని లాగా చేతులెత్తి తపస్సు చేస్తుంటుంది, చుట్టూ ఎలకలు, వెళ్తే వెతకండి.

ఇప్పుడు నా పని గురించి చెప్పాలి, ఎందుకంటే ఇదంతా ఆలోచించేలా చేసింది అదే. మా టీమ్ ఒక యాప్‌ని తెలుగులోకి తెస్తోంది. ఇంగ్లీషు స్క్రీన్లు ముందే ఉన్నాయి, మాట మార్చి తెలుగు మాట పెడితే అయిపోతుంది అనుకున్నారు అందరూ. నేను మొదటి వెర్షన్ అమ్మ ఫోన్లో పెట్టి ఇస్తే ఒక ఫారం దగ్గర ఆగి "ఈ అక్షరాలకి కాళ్ళు తెగినయ్యేంది" అంది. చూస్తే "స్త్రీ" అన్న మాటకి కింద ఒత్తులు కోసేసి ఉన్నాయి, ఆ గడి ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయేట్టు పెట్టింది, త ఒత్తూ ర ఒత్తూ దిగడానికి అక్కడ చోటు లేదు. మన మాటలకి పైన గుడి ఉంటుంది, తలకట్టు ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది, ఒక్కోసారి ఒత్తు కింద ఒత్తు, అంటే ఒక్కో మాట ఎత్తు ఒక్కో రకం, మేడ మీద గది ఉన్న ఇల్లు ఒకటి, కింద సెల్లార్ ఉన్న ఇల్లు ఒకటి.

గడి ఎత్తు పెంచితే ఆ సమస్య పోయింది, అసలు కష్టం బటన్ల దగ్గర వచ్చింది. పక్కపక్కన రెండు బటన్లు, "సరే", "వద్దు". సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందంటే అక్షరాల సిరా ఎక్కడుందో చూడదు, ఫాంట్‌లో మొత్తం వరసకి ఇచ్చిన ఎత్తు ఎంతో దాన్ని తెచ్చి మధ్యలో పెడుతుంది, అందులో ఒత్తుల కోసం కింద వదిలిన ఖాళీ కూడా కలిసే ఉంటుంది. "సరే"కి ఒత్తు లేదు, అందుకని ఆ ఖాళీ ఖాళీగానే ఉండిపోయి మాట పైకి లేచినట్టు కనపడింది. నేను కూర్చుని రెండు మాటల్నీ విడివిడిగా సిరా కొలిచి దేనికదే పిక్సెల్ తేడా లేకుండా నడిమధ్యలో పెట్టా, చాలా శ్రద్ధగా చేశా ఆ పని. పక్కపక్కన పెట్టి చూస్తే ఘోరంగా ఉంది. "వద్దు"కి కింద ద ఒత్తు ఉంది కాబట్టి మధ్యకి తేవాలంటే మాట మొత్తాన్ని పైకి జరపాలి, అప్పుడు వ అక్షరం స కంటే పైకి వెళ్ళిపోయింది, రెండూ కలిపి చదివితే మెట్లెక్కుతున్నట్టు. రెండు మాటలూ విడిగా సరిగ్గా ఉన్నాయి, కలిపితే సరిగ్గా లేవు.

అదే టైమ్‌లో అమ్మ పెట్టిన ఆ జానెడు గుర్తొచ్చింది. తెలుగు చదివేటప్పుడు మన కన్ను పరిగెత్తేది ఒత్తుల వెంట కాదు, గుళ్ళ వెంట కాదు, అక్షరాల ఒళ్ళు వరసగా నిలబడే గీత వెంట. అందుకని ఆ వరసనే పట్టుకున్నా, రెండు బటన్లలోనూ స, వ ఒకే గీత మీద నిలబడతాయి, ఆ ఒళ్ళు బటన్ మధ్య కంటే ఇసుమంత పైన ఉంటుంది, ఒత్తు కిందికి వేలాడాలంటే వేలాడుతుంది, దాని చోటు దానికి వదిలేశా. స్కేలు పెడితే ఏ మాటా మధ్యలో లేదు. చూస్తే మాత్రం కుదిరింది. ఇది తెలుగుకే కాదు, గుండ్రంలో త్రికోణం పెట్టే ప్లే బటన్ చూడండి, త్రికోణాన్ని కొలిచి సగంలో పెడితే ఎడమకి జారినట్టుంటుంది, ఎందుకంటే దాని బరువంతా వెడల్పు వైపే ఉంటుంది, అందుకే డిజైనర్లు దాన్ని కొంచెం కుడికి జరుపుతారు. మన అక్షరాల్లోనూ సున్నా, విసర్గ తప్ప అద్దంలో చూసినా అలాగే ఉండేవి దాదాపు లేవు, అన్నీ ఒక పక్కకి ఒంపు తిరిగి తలకట్టు ఇంకో పక్కకి విసిరినవే. అలాంటి అక్షరాలతో రాసిన పేజీ అంత నెమ్మదిగా, సమంగా కనపడుతుందంటే దాన్ని చెక్కిన వాళ్ళు ప్రతి అక్షరం లోపలి ఖాళీని ఎంత చూసి ఉంటారో అనిపిస్తుంది. తెలుగు ఫాంట్లు చేసే వాళ్ళంటే నాకు చాలా గౌరవం, వాళ్ళకి రావాల్సినంత పేరు రాలేదు.

టీనగర్‌లో చీరలు కొనడానికి వెళ్ళినప్పుడు కూడా ఇదే గొడవ. గంగా జమున అంచు కంచిపట్టు, ఒక అంచు ఒక రంగు, ఇంకో అంచు ఇంకో రంగు, నేను వద్దన్నా, షాపులో పరిచి చూస్తే రెండు వైపులా వేరేగా ఉందని. "పరిచి చూస్తే ఏముంది, కట్టుకుంటే ఒక అంచు నడుం దగ్గర దోపుకుంటాం, ఇంకోటి పాదాల మీద ఉంటది, కొంగు ఒక్క భుజానికే కదా వేసుకునేది" అంది అమ్మ. అదే కొంది. నిజమే, చీర పెట్టెలో ఉన్నప్పుడు ఎంత సరిసమానంగా ఉన్నా ఒంటి మీదికి వచ్చాక కుచ్చిళ్ళు ముందు, కొంగు ఎడమ భుజాన, ఎక్కడా సగానికి మడవలేం.

సంక్రాంతికి నెల్లూరు వెళ్దాం అనుకున్నాం, నాకు సెలవు దొరకలేదు, ఇక్కడే చేసుకున్నాం. కనుమ రోజు అమ్మ రథం ముగ్గు వేసింది. రథం అంటే తెలుసు కదా, రెండు చక్రాలు, గోపురం, రెండు వైపులా జెండాలు, కుడి ఎడమలు అచ్చంగా ఒకటే, ఒక్క గీత తేడా రాకుండా వేసింది, టేపు లేకుండానే. అంతా అయ్యాక రథానికి తాడు గీయాలి. మా ఊళ్ళో అయితే ఆ తాడు ఇంటి ముందు నుంచి వీధి వెంట గీసుకుంటూ వెళ్ళి పక్కింటి వాళ్ళ రథానికి కలుపుతారు, ఇక్కడ వీధి లేదు, వరండానే. అమ్మ వంగుని ఆ తాడుని చెప్పుల స్టాండు చుట్టూ తిప్పి, మెట్ల మొదలు దాటించి, తులసి కుండీ పక్క నుంచి పాటి వాళ్ళ గడప దాకా గీసుకుంటూ వెళ్ళిపోయింది. అంత కుదురైన రథం నుంచి ఒక పక్కకి అంత పొడుగు గీత.

తలుపు తీసిన పాటి ఒక నిమిషం అలాగే చూసింది. "తేరా?" అంది, రథమా అని. అమ్మ అవునని తల ఊపింది. పాటి లోపలికి వెళ్ళి గుమ్మడి పువ్వు ఒకటి తెచ్చి, తాడు చివర పెట్టి, మెట్ల దాకా వెళ్ళి అక్కణ్ణుంచి చూసి, వెనక్కి వచ్చి దాన్ని రెండు వేళ్ళంత పక్కకి జరిపింది.